లేదని రాసి ఉంది

నేను ఒక బొమ్మల పుస్తకాన్ని. పేరు ‘మా గేదె ఏది?’ అట్టలతో కలిపి పదహారు పేజీలు, నడుముకి రెండు పిన్నులు.

నన్ను రాసినాయన మొదట మూడు వందల మాటలు రాశాడు. అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కునే పిల్లల కోసమని చెప్పాక, ఒక్కో మాటా కొట్టేస్తూ నలభై ఒకటి దగ్గర ఆగాడు. ఆయన కొట్టేసిన మాటలన్నిటినీ బొమ్మలు వేసినావిడ ఏరుకుని రంగుల్లో పెట్టింది. కథ చిన్నదే. గేదె కనబడక ఇంటిల్లిపాదీ వెతుకుతారు. గడ్డివాము వెనక లేదు, అంటాయి మాటలు. బొమ్మలో మాత్రం వాము పక్కనుంచి తోక వేలాడుతుంటుంది. బావి దగ్గర లేదు, అంటాయి. బావి గట్టు మీదుగా రెండు కొమ్ములు కనిపిస్తుంటాయి. నాలో ఉన్న సరదా అంతా అదే. దాని మూలంగానే నా పీకల మీదికి వచ్చింది.

విజయవాడలో అచ్చయి, అట్టపెట్టెలో యాభై తొమ్మిది పుస్తకాల మధ్య ఇరుక్కుని రాజాం దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలకి చేరాను. చుట్టుపక్కల బడుల టీచర్లు ఒక మధ్యాహ్నం అక్కడ కూర్చుని, ఒకటో తరగతికీ రెండో తరగతికీ పనికొచ్చే పుస్తకాలేవో తేల్చాలి. పనికిరానివి పెట్టెలోనే వెనక్కి వెళ్లిపోతాయి. వెనక్కి వెళ్లినవాటిని ముక్కలు చేసి మళ్లీ అట్టలు చేస్తారని పెట్టెలో అనుభవజ్ఞురాలైన ఒక పాత పుస్తకం చెప్పింది. అప్పటినుంచి నా కాగితాలు వణుకుతూనే ఉన్నాయి.

పెద్దవాళ్లు పిల్లల పుస్తకాన్ని చూసే పద్ధతి భలేగా ఉంటుంది. ఒకాయన నన్ను తిరగేసి మాటలు లెక్కపెట్టి, “మరీ తక్కువండీ, ఇది పుస్తకమేనా?” అన్నాడు. ఒకావిడ ‘గడ్డివాము’ దగ్గర ఆగి, రెండో పేజీలోనే ఒత్తు పెడితే ఎలా అని దిగులుపడింది. ఆ బడి హెడ్మాస్టరు సన్యాసిరావు గారు కళ్లజోడు సర్దుకుని పదకొండో పేజీ పైకెత్తి చూపించారు.

“ఇక్కడ చూడండి. చెరువులో లేదు అని రాశారు. బొమ్మలో గేదె నీళ్లలోనే పడుకుని ఉంది. వీపు మీద కాకి కూడా ఉంది. ఇది అచ్చుతప్పు.”

“తప్పు కాదేమో మాస్టారూ,” అంది రెండో తరగతి చెప్పే వరహాలమ్మ టీచరు. “కావాలనే అలా వేశారేమో.”

“కావాలని వేస్తే ఇంకా తప్పు. కొత్తగా చదివే పిల్లలు అక్షరం చూడరమ్మా, బొమ్మ చూస్తారు. బొమ్మలో ఉంది కాబట్టి ఉందని చదివేస్తారు. అప్పుడేం దిద్దుతాం?”

ఆయన చెడ్డవారు కాదు. ముప్పై ఏళ్లుగా పిల్లల చేత పలకలు దిద్దించిన మనిషి. జాబితా కాగితంలో నా పేరు ఎదురుగా ‘తగదు’ అని రాసి నన్ను పెట్టెలో పడేశారు. పెట్టె కట్టడం మర్నాటికి వాయిదా పడింది, పురికొస దొరక్క. నేనివాళ బతికి ఉన్నానంటే ఆ పురికొస పుణ్యమే.

మర్నాడు పొద్దున ఆఫీసు గదిలో పంచాయితీ వేరే ఒకరి మీద జరుగుతోంది. ఆ ఒకరు రెండో తరగతి హైమావతి. ఆ పిల్ల తెలుగు వాచకం మొత్తం గడగడా చదివేది. అందరూ మెచ్చుకునేవాళ్లు. కిందటి వారం సన్యాసిరావు గారు క్లాసుకి వెళ్లి ఎనిమిదో పేజీ తీసిస్తే, ఏడో పేజీలో పాఠం తడుముకోకుండా అప్పజెప్పింది. పుస్తకమంతా విని కంఠతా పట్టేసిందని అప్పుడు బయటపడింది. సోమవారం నుంచి ఒకటో తరగతిలో కూర్చోబెట్టాలని ఆయన తీర్మానం. అది తెలిసిన దగ్గర్నుంచి హైమ సంచీలోంచి పుస్తకమే తీయడం లేదట.

“కంఠతా పట్టిన మాట నిజమే మాస్టారూ,” అంది వరహాలమ్మ టీచరు. “కానీ మొన్న ఆగిన బస్సు దగ్గర నిలబడి బోర్డు మీది ఊరి పేరు కూడబలుక్కుంటోంది. నేను చూశాను. దానికి చదువు పట్టుబడుతోంది. ఇప్పుడు వెనక్కి పంపితే మళ్లీ పుస్తకం ముట్టదు.”

“అయితే ఎప్పుడూ చూడని పుస్తకం ఇచ్చి చదివించండి. వాచకం వద్దు.”

వరహాలమ్మ టీచరు పెట్టెలో చెయ్యి పెట్టి నన్ను తీసింది.

సన్యాసిరావు గారు నవ్వారు. “తెలిసి తెలిసి దీన్నే తీశావేమిటమ్మా?”

“ఇందులో అయితే బొమ్మ చూసి చెప్పడం కుదరదు కదండీ.”

హైమని పిలిపించారు. రెండు జడలు, మోకాలి మీద ఎండిన దెబ్బ. బల్లకి ఆమడ దూరంలో నిలబడింది. సన్యాసిరావు గారు మొదట్నుంచి కాకుండా తిన్నగా పదకొండో పేజీ తెరిచి ముందుకు తోశారు. టీచరు ఆ పిల్ల పక్కన నిలబడి ఎడమచెయ్యి విప్పి పెట్టుకుంది. అది ఆవిడ పద్ధతి. పిల్లకి కొరుకుడుపడని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడుస్తుంది. ఒక పేజీలోనే అయిదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇంకా బరువని అర్థం.

హైమ కాసేపు బొమ్మే చూసింది. నీళ్లలో గేదె వీపు, దాని మీద కాకి. పెదాల చివర చిన్న నవ్వు వచ్చింది. ‘ఉంది’ అన్నదో, ఇద్దరం కలిసి మునుగుతాం. ఆ పిల్ల ఒకటో తరగతికి, నేను ముక్కల మిషనుకి.

చూపుడువేలు నా మీద పెట్టింది. వేలు చల్లగా, చెమటగా ఉంది.

“చె… చెరు… చెరువు…” ఆగింది. టీచరు వేలు ఒకటి ముడుచుకుంది. “చెరువులో. లే… దు. లేదు.”

హైమ మళ్లీ బొమ్మ చూసి, మళ్లీ అక్షరాలు చూసి, తలెత్తింది.

“అబద్ధం మేస్టారూ. ఉంది, ఇదిగో.”

“మరి ఉందని చదవకపోయావా?”

“ఉందని రాయనేదు కదండీ.”

సన్యాసిరావు గారు కళ్లజోడు తీశారు. ఆ ఊళ్లో లేదు అనరు, నేదు అంటారు. బొమ్మ ‘ఉంది’ అంటోంది, నోరు ‘నేదు’ అంటుంది. ‘లేదు’ అన్న మాట ఆ గదిలో నా కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు. హైమ దాన్ని అక్కణ్ణుంచే తీసుకుంది.

“ఇంకో పేజీ చదువు,” అన్నారాయన మెత్తగా.

హైమ నన్ను మొదటికి తిప్పి నాలుగు పేజీలు చదివింది. ‘గడ్డివాము’ దగ్గర రెండుసార్లు తడబడి, మూడోసారి ఒత్తు పట్టుకుంది. టీచరు చేతిలో ఏ పేజీకీ రెండు వేళ్లకి మించి ముడుచుకోలేదు. పెద్దాయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, “బావి పేజీలో కొమ్ములు నేను నిన్న చూడనేలేదు” అని ఒప్పుకున్నారు. సోమవారం మాట మళ్లీ ఎత్తలేదు. కాగితం మీద ‘తగదు’ కొట్టేసి, పక్కన ‘తగును’ అని రాసి సంతకం పెట్టారు.

ఆ సాయంత్రం హైమ నన్ను ఇంటికి తీసుకెళ్లింది. పాక ముందు వాళ్ల మామ్మ పాలగిన్నె తోముతోంది. ఆవిడకి అక్షరం ముక్క రాదు. హైమ పక్కన కూర్చుని వేలు పెట్టి రెండో పేజీ చదివింది. మామ్మ తడిచేతులు చీరకి తుడుచుకుని వంగి బొమ్మ చూసింది.

“ఇది సూడిదే,” అంది. “పొదుగు సూడు, ఎలాగ దిగిపోనాదో. నేడో రేపో ఈనుతాది. అందుకే ఎవులికీ కనపడకుండా తిరుగుతోంది.”

“ఈ పుస్తకంలో అలాగ రాయనేదే మామ్మా.”

“రాయకపోతే ఏటి? కనపడతంది కదా.”

బొమ్మలు వేసినావిడ ఆ పొదుగుని మూడుసార్లు చెరిపి గీసింది. ముందురోజు మధ్యాహ్నమంతా కూర్చున్న టీచర్లలో ఒక్కరికీ అది కనబడలేదు. హైమ నమ్మకం లేకుండా పేజీలు తిప్పుకుంటూ చివరికి వెళ్లింది. అరటితోట నీడలో గేదె నిలబడి ఉంది, కాళ్ల దగ్గర నల్లటి దూడ తడితడిగా.

హైమ దూడనీ మామ్మనీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఆవిడ ఒళ్లోకి జరిగి, “మళ్లీ మొదటి నుంచి,” అంది. “నువ్వు బొమ్మలు చెప్పు, నేను రాసింది చెప్తాను.”