తొంభై గడపలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా నాన్నకి పొయ్యి దగ్గర తప్ప ఇంకెక్కడా వేడి ఉండేది కాదు. మరి నాకింత వేడి ఎక్కడినుంచి వచ్చిందో మా అమ్మ కూడా చెప్పలేకపోయింది. ఆ కోపం వల్ల నేను పోగొట్టుకోబోయిందేమిటో, దాన్ని నాకు తిరిగి ఇచ్చినవాళ్లెవరో చెప్పాలి. వాళ్ల ఎదుట చెప్పబోతే "చాల్లే, గిన్నెలు తోము" అంటారు. అందుకని ఇలా రాస్తున్నాను.

మాది వీధి విందుల వంట. పెళ్లయినా, గుడి పండగైనా, మనవడు పుట్టినా ఇంటివాళ్లు వీధికి అడ్డంగా షామియానా వేయిస్తారు. ఎర్రబట్ట పరిచిన గుండ్రటి టేబుళ్లు వేయిస్తారు. మేం పొయ్యిలూ ఆవిరి బుట్టలూ లారీలో వేసుకెళ్లి పన్నెండు రకాలు వండి పెడతాం. కావ్‌షుంగ్ నగరం పక్కన మా కొండల కింద మా నాన్న వంట తినని ఇల్లు లేదు. పేరు ఆయనదే కానీ, పని చేసేది మాత్రం పద్నాలుగు మంది ఆడవాళ్లు, పొయ్యిలు చూసుకునే బోక్-సింగ్ మామయ్య. వీళ్లని మా వైపు 'నీటికాళ్లు' అంటారు. తెల్లారినప్పటినుంచి పని అయ్యేదాకా తడినేల మీదే నిలబడతారు మరి.

నాన్న పోయాక గరిట నా చేతికొచ్చింది. అప్పటికి తైపేలో పెద్ద హోటల్ వంటింట్లో పన్నెండేళ్లు చేసి ఉన్నాను. వస్తూ వస్తూ ఆ హోటల్ పద్ధతులన్నీ మూటగట్టుకుని తెచ్చాను. అందరి ఏప్రన్లకీ నంబర్లు కుట్టించాను. మెడలో ఈల వేసుకున్నాను. ఊదితే పదిహేను తలలూ నా వైపు తిరగాలి. ఇప్పుడు తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా చేతి మీద మొదటి విందు ఖో అమ్మమ్మ మనవడి పెళ్లి. నలభై టేబుళ్లు. పొద్దున్నే పంది కాళ్లు పులుసులో పడ్డాయి. ఆవిరి బుట్టల దగ్గర ముప్ఫై ఏళ్లుగా ఉన్న అ-తో పిన్ని మూత ఎత్తి చూసి పెదవి విరిచింది.

"లీ-చున్, ఇంకో రెండు కుండలు పడాలే."

"టేబుల్‌కి పది మంది, పది ముక్కలు. నా లెక్క తప్పదు పిన్నీ."

"తినడానికి పది. మరి పట్టుకెళ్లడానికి?"

"పట్టుకెళ్లేది లేదు. ప్లాస్టిక్ కవర్లలో పులుసు కారుకుంటూ మోసుకెళ్లడం ఏం మర్యాద? కవర్లు లారీలోంచి దింపొద్దు. ఇది హోటల్ స్థాయి విందు."

బోక్-సింగ్ మామయ్య పొయ్యి దగ్గర్నుంచి తల ఎత్తాడు. ఆయన మాట్లాడటమే తక్కువ. "మీ నాన్న అయితే..." అన్నాడు.

"మా నాన్న లేడిప్పుడు మామయ్యా. నేనున్నాను."

"ఖో అమ్మమ్మ ఊరుకోదమ్మాయ్," అంది పిన్ని మళ్లీ.

"ఆవిడ నన్ను కవర్ల గురించి ఒక్క మాట అడగలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని ఈల ఊదాను.

ఆవిడ అడగలేదు నిజమే. కూరలో ఉప్పు వేయమని ఎవరైనా అడుగుతారా? మా వైపు విందంటే సగం తినడానికి, సగం ఇంటికి. కోడి సూపు టేబుల్ మీదికి వచ్చేసరికి కవర్లు రావాలి. రాలేకపోయిన ముసలాళ్లకీ, ఇంట్లో ఉండిపోయిన కోడలికీ తలా ఇంత మూటగట్టాలి. ఇంటివాళ్లు టేబుల్ టేబుల్‌కీ తిరిగి "ఇంకా తీసుకెళ్లండి, ఇంకా" అని బతిమాలాలి. ఇవన్నీ పుట్టినప్పటినుంచి చూసినదాన్నే. పన్నెండేళ్ల హోటల్ వంట నా కళ్లకి పొర కమ్మించింది.

వంట బ్రహ్మాండంగా కుదిరింది. పీతల అన్నం చూసి జనం ఫొటోలు తీసుకున్నారు. తర్వాత కోడి సూపు వెళ్లింది. నాలుగు వందల మందీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎందుకాగారో నాకు అర్థం కాలేదు. ఒక ముసలావిడ బొడ్లోంచి సొంత కవరు తీసి, పళ్లెంలో ఎముకలు చూసి, మళ్లీ మడిచి దోపుకుంది. తీపి సూపు రాకముందే కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఖో అమ్మమ్మ షామియానా గుమ్మంలో నిలబడి "తీసుకెళ్లండి" అనడానికి నోరు తెరిచి, ఏం తీసుకెళ్లమనాలో తెలియక మూసుకుంది.

తర్వాత తిన్నగా పొయ్యిల దగ్గరికొచ్చింది.

"ఈ పెళ్లి కోసం ఏడేళ్లు ఎదురుచూశానమ్మా. ఊరందరి చేతా నన్ను పీనాసి ముసలిదనిపించావు," అని వెళ్లిపోయింది.

నాకు తల కొట్టేసినట్టయింది. నా వాళ్ల వైపు తిరిగాను. ఒక్కరూ తిట్టలేదు. గిన్నెలన్నీ తోమి బోర్లించి, నంబర్ల ఏప్రన్లు విప్పి తాడు మీద ఆరేశారు. చివరగా అ-తో పిన్ని అంది: "వచ్చే నెల గుడి విందుకి వేరేవాళ్లని చూసుకో."

వేరేవాళ్లెవరున్నారు? ఆ పదిహేను మంది లేకపోతే ఒక్క ఆవిరి బుట్ట కూడా నేను దింపలేను. మా నాన్న నలభై ఏళ్లు నిలబెట్టిన పని నా చేతిలో నలభై టేబుళ్లకే ముగిసిపోతుందన్నమాట.

మర్నాడు పొద్దున్నే వెదురు మొలకలు ఒలిచే షెడ్డుకి వెళ్లాను. విందులు లేని రోజుల్లో వాళ్లంతా అక్కడే పని చేస్తారు. నన్ను చూసి ఎవరూ లేవలేదు. పిన్ని ఒక కత్తి నా వైపు జరిపింది.

"కూర్చో. ఒలువు. మేం చెప్పేదాకా నోరు తెరవకు."

ఒలిచాను. వాళ్లు ఒక్కొక్కరే మొదలుపెట్టారు.

"కుక్కని పిలిచినట్టు ఈల ఏమిటే?"

"మీ నాన్న మేం తిన్నాక తినేవాడు. నువ్వు మా ఎదురుగానే ముందు తింటావు, పైగా పింగాణీ పళ్లెంలో."

"నన్ను పదకొండో నంబరు అన్నావు. నువ్వు పుట్టినప్పుడు నీకు నీళ్లు పోసిన చేతులే ఇవి!"

నేను మూడుసార్లు జవాబు చెప్పబోయాను. మూడుసార్లూ పిన్ని కత్తి పిడితో బల్ల మీద టక్కున కొట్టింది. నాలుగోసారి నాకే చెప్పడానికేం మిగల్లేదు. ఒక్కొక్క మాటా చెంపదెబ్బలాగే ఉంది. అయినా విచిత్రం, తింటున్న కొద్దీ ఒళ్లు తేలికపడింది. ఇన్నాళ్లూ వీళ్లకి ఏమీ తెలియదని నేననుకున్నాను. నాకు తెలియనిదంతా వీళ్ల దగ్గరే ఉంది.

బుట్ట నిండింది. అప్పుడు అడిగాను: "ఇప్పుడేం చేద్దాం పిన్నీ?"

మూల కూర్చున్న బోక్-సింగ్ మామయ్య పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. "అబ్బో! పొయ్యి ఇప్పటికి అంటుకుంది."

ఆలోచన మొత్తం వాళ్లదే. పెళ్లికొచ్చిన ఇళ్లు తొంభై. ప్రతి ఇంటికీ విందు మూట చేరాలి. ఖో అమ్మమ్మ పేరు మీద చేరాలి, తప్పు నాదని నేనే ప్రతి గడపలో చెప్పాలి. సరుకు నాది, నిర్ణయాలు వాళ్లవి. ఎన్ని కాళ్లు వండాలి, బియ్యం ఎంతసేపు నానాలి, ఏ ఇంట్లో పళ్లు లేనివాళ్లున్నారు కాబట్టి ఏది మెత్తగా ఉడకాలి, అన్నీ వాళ్లే చెప్పారు. నేను నీళ్లు మోశాను, కుండలు కడిగాను. ఏప్రన్ల మీది నంబర్లు నా చేత్తో నేనే దారం లాగి విప్పాను. వాళ్లు తిన్నాక, అడుగున మిగిలిన మాడు గీక్కుని తిన్నాను. ఇంత కమ్మటి అన్నం ఆ హోటల్లో నేనెన్నడూ వండలేదు.

రెండు రోజులు స్కూటర్ మీద తిరిగాను. వెనక అ-తో పిన్ని, ఒళ్లో మూటలు. ప్రతి గడపలో వంగి దండం పెట్టి అదే మాట చెప్పాను: "పెళ్లివారు మనసారా పెట్టారు. కట్టివ్వకుండా ఆపింది నేను." కొందరు నవ్వారు, కొందరు టీ ఇచ్చారు. ఒకాయన మాత్రం మూట విప్పి ముక్కలు లెక్కపెట్టుకుని మరీ తలుపేసుకున్నాడు.

ఖో అమ్మమ్మ తలుపు తీసింది కానీ పక్కకి జరగలేదు. నేను చెప్పాల్సింది చెప్పాను.

"ఇంకా గట్టిగా చెప్పు. ఎదురింటావిడకి చెవుడు."

గట్టిగా చెప్పాను.

"వీధి మలుపులో వాళ్లకి వినపడలేదేమో."

గొంతు చించుకుని అరిచాను. ఇన్నాళ్లకి నా గొంతు ఒక మంచి పనికి పనికొచ్చింది. కిటికీలన్నీ తెరుచుకున్నాయి. అప్పుడు ఆవిడ మూట అందుకుని, "గుడి విందులో నా టేబుల్ ముందు వరసలో ఉండాలి," అంది. గుడి విందుందో లేదో నాకే తెలియదని ఎలా చెప్పను? తలూపాను.

ఆఖరి మూట ఒకటి మిగిలింది. "ఇదెవరికి?" అన్నాను. "బండి పోనీ, చెప్తాను," అంది పిన్ని. తీరా చూస్తే పిన్ని వాళ్లిల్లే.

లోపల మంచం మీద హోక్-లై బాబాయ్ పడుకుని ఉన్నాడు. మా నాన్న దగ్గర ముప్ఫై ఏళ్లు చేపలు వేయించిన మనిషి. నడుం పడిపోయి ఆరేళ్లయిందట. బాబాయ్ ఏడని నేను ఒక్కసారి కూడా అడగలేదు. వీధి విందు ఆయనకి ఇప్పుడు పిన్ని తెచ్చే మూటలోనే.

నన్ను చూసి ఆయన మొహం విప్పారింది.

"వచ్చావా తల్లీ! మొన్న మూట రాకపోతే అడిగాను. అంత బాగా వండావటగా! నలభై టేబుళ్ల మీదా ముక్క మిగల్లేదట. మా ఆవిడ చెప్పింది. మీ నాన్న వింటే ఎంత పొంగిపోయేవాడో!"

నేను పిన్ని వైపు చూశాను. ఆవిడ గోడ వైపు తిరిగి గిన్నెలోకి అన్నం తీస్తోంది. నా మీద అంత కోపంతో, ఉత్త చేతులతో ఇంటికొచ్చిన మధ్యాహ్నం, నా పరువు పోకుండా మొగుడితో అబద్ధమాడింది ఈ మనిషి. నాకు ఏడుపు ఆగలేదు. ఆగాలని కూడా అనుకోలేదు.

"కాదు బాబాయ్," అని జరిగిందంతా చెప్పేశాను. ఈలతో సహా.

ఆయన పీతల అన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. "అన్నం బాగుంది," అన్నాడు. "ఎవరు వండారు?"

"వీళ్లంతా. నేను నీళ్లు మోశాను."

"అందుకే బాగుంది," అన్నాడు. ముగ్గురం నవ్వాం.

పిన్ని కళ్లు తుడుచుకుని కసిరింది: "నవ్వులు చాలు. గుడి విందుకి అరవై టేబుళ్లు. బియ్యం ముందురోజే నానెయ్యాలి. ఎన్ని కుండలు పెడదామనుకుంటున్నావు?"

"నువ్వు చెప్పు పిన్నీ," అన్నాను.