ఐదున్నర గంటల పొగ

హరిబాబు కారు దిగుతూనే బ్రేవుమని త్రేన్చాడు. ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో తిన్న పెసరట్టు వాసన. ఝాన్సీ మొహం పక్కకి తిప్పుకుంది.

కొత్తవలస దగ్గరున్న ఈ ఊళ్ళో ఫ్యాక్టరీ పొగ పొలాల మీద పడుతోందా లేదా తేల్చమని ప్రభుత్వం వాళ్ళిద్దరినీ పంపించింది. అతను సైంటిస్టు, ఆమె డ్రోన్ పైలట్. పడుతోందని తేలితే చిమ్నీకి ఫిల్టరు పెట్టించక తప్పదు. తేలకపోతే ఫ్యాక్టరీ పక్కనే సాగు చేసుకునే కూర్మమ్మ తన ఆకుకూరల మడులు దున్నేసుకోవాల్సిందే. మసి అంటిన తోటకూరను సంతలో ఇప్పటికే ఎవరూ ముట్టుకోవడం లేదు.

గాలిలో పొగను కొలిచే డ్రోన్ ఎగరాల్సింది తెల్లవారి ఐదున్నరకి. ఆ వేళ నేల దగ్గర గాలి చల్లగా ఉంటుంది, దాని మీద వెచ్చటి గాలి మూతలా కమ్ముకుంటుంది. పొగ పైకి పోలేక మడుల మీదే పడి ఉంటుంది. ఎండెక్కితే మూత లేచిపోతుంది, పొగా చెదిరిపోతుంది. ఈ సంగతి ఝాన్సీకి నేర్పింది హరిబాబే. అలాంటి మనిషి మూడు రోజులుగా పదకొండింటికి తీరుబడిగా వచ్చి "కానీయమ్మా" అంటున్నాడు. మొన్నా నిన్నా గాలి శుభ్రంగా ఉన్నట్టే లెక్క తేలింది. తేలక ఏం చేస్తుంది?

"పొద్దున్నే నువ్వైనా రాలేవేటమ్మా?" అనడిగింది కూర్మమ్మ.

"డ్రోన్ పెట్టె తాళం సారు దగ్గరుంటాది పిన్నీ."

కూర్మమ్మ రాత్రంతా దండెం మీద ఉంచేసిన తెల్ల తువ్వాలు తెచ్చి చూపించింది. మంచుకి తడిసి ఎండిన గుడ్డ నిండా మసి. "ఇది సూడు బాబూ. మీ యంత్రానికి కనబడనిది నా గుడ్డకి కనబడతన్నాది."

హరిబాబు ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "గుడ్డలు సాక్ష్యానికి పనికిరావమ్మా. సైన్సు వేరు."

తాను నేర్చుకున్న చదువంతా ఈ నోట్లోంచే వచ్చిందని తలుచుకుంటే ఝాన్సీకి అసహ్యం వేసింది. మూడు రోజులూ మాట్లాడకుండా రిమోట్ పట్టుకున్న తన చేతులను చూసుకుంటే ఇంకా అసహ్యం వేసింది.

డ్రోన్ దిగాక హరిబాబు మూడు రోజుల కాగితాలూ ఆమె ముందు పెట్టాడు. మూడింటిలోనూ సమయం దగ్గర 5.30 అని అతని రాత. "సంతకాలు పెట్టు. పైలట్ సంతకం లేకపోతే ఇవి చెల్లవు."

ఝాన్సీ పెన్ను తీసుకుని మూడుచోట్లా 5.30 కొట్టేసింది. పక్కన 11.10, 11.05, 11.20 అని రాసి, అప్పుడు సంతకాలు పెట్టింది.

హరిబాబు మొహం మాడిపోయింది. "పదకొండింటి రీడింగులు ఎవరు ఒప్పుకుంటారు?"

"ఎవరూ ఒప్పుకోరు సార్. రేపు ఐదున్నరకి మళ్ళీ ఎగరెయ్యాల," అంటూ ఝాన్సీ చెయ్యి చాపింది. "ఆ తాళం ఇటివ్వండి."