నూకంత అక్షరం

పేచ్చిముత్తు ప్రూఫు కాగితాన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని, తల వెనక్కి వాల్చి చూశాడు. అడుగు వరుస చీమల బారులా కదిలింది. కాగితాన్ని బల్లమీద పరిచి, చొక్కా జేబులోంచి పొడుం డబ్బీ తీశాడు. అందులో పొడుం ఉండదు. ఒక ఆవగింజ, ఒక బియ్యపు నూక ఉంటాయి. శివకాశి అచ్చుయంత్రాల హోరులో పదకొండేళ్లుగా అతని కొలబద్ద అదే.

పిల్లల దగ్గుమందు లేబుల్ అది. మూడొంతులు నవ్వే పసిపాప బొమ్మ. ఎంత పొయ్యాలో చెప్పే వరుస అట్టడుగున. అక్షరం పక్కన ఆవగింజ పెట్టాడు. గింజే పెద్దది.

"ఇది నడవదు తంబీ."

ప్రెస్సు యజమాని రత్నసామి విసుక్కున్నాడు. "మీ కళ్లు మసకేస్తే ఊరందరికీ మసకేసిందా అన్నాచ్చీ? మందు కంపెనీ పార్టీకి బొమ్మ పెద్దగా కావాలంట."

"బొమ్మను చూసి పోస్తారా మందు?"

"తాగే పిల్లల కళ్లు బాగానే ఉంటాయిలెండి."

"తాగేది పిల్లలు. పోసేది అవ్వలు. నాలాంటి గుడ్డోడికి ఆనిందంటే వాళ్లకీ ఆనుద్ది."

"సంతకం పెడతారా, పెట్టరా?"

"పెట్టను."

పేచ్చిముత్తు పొట్టి సంతకం లేని ప్రూఫును మెషీను నడిపే ఇరుళప్పన్ ముట్టడు. రత్నసామి తండ్రి పెట్టిన కట్టుబాటది. రత్నసామి గొణుక్కుంటూ భోజనానికి పోయాడు.

పదకొండేళ్ల కిందట పేచ్చిముత్తు భార్య వడివు, సీసామీది వరుస కనపడక, అరచెంచా పొయ్యాల్సిన మందు మనవరాలికి మూడు చెంచాలు పోసింది. పిల్ల రెండు రోజులు కళ్లు తెరవలేదు. బతికింది. వడివు మాత్రం తన చేతిని తిట్టుకుంటూనే పోయింది. అవ్వదే తప్పన్నారు అందరూ. అచ్చేసినవాణ్ణి ఎవడడుగుతాడు? ఆ లేబుల్ కూర్చింది తనేనని పేచ్చిముత్తు ఆమెకు ఏనాడూ చెప్పలేదు.

అన్నం డబ్బా మూత తియ్యకుండానే కంప్యూటరు ముందు కూర్చుని పసిపాప బొమ్మను సగానికి కుదించాడు. కింది వరుసను పెంచాడు. కొత్త ప్రూఫు తీసి అక్షరం పక్కన నూక పెట్టాడు. సరిపోయింది. ఓ మూల సంతకం గీకి, కాగితం కట్టలకు వీపు ఆనించి కూర్చున్నాడు.

ఇరుళప్పన్ గ్లాసు తెచ్చాడు. "అన్నాచ్చీ, టీ చల్లారిపోతది."

భుజం తట్టాడు. తల పక్కకు వాలింది. ఊపిరి లేదు.

ఆ పూట మెషీన్లు ఆపేశారు. ఫ్యానూ ఆపి, గది తలుపు వేశారు.

మర్నాడు తలుపు తీస్తే బల్లమీద రెండు ప్రూఫులూ అలాగే ఉన్నాయి.

"ఏది ఎక్కించమంటారయ్యా?" అన్నాడు ఇరుళప్పన్.

రత్నసామి చిన్నక్షరాల ప్రూఫును చేతిలోకి తీసుకున్నాడు. కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పట్టుకున్నాడు. సంతకం ఉండాల్సిన మూల ఖాళీగా ఉంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"సంతకమున్నదే ఎక్కించు. పార్టీతో నేను మాట్లాడుకుంటా."

ఇరుళప్పన్ రెండో కాగితాన్ని రెండు చేతులతో, కదలకుండా ఎత్తాడు. దానిమీద, అక్షరం పక్కనే, అక్షరమంతే, ఆ నూక.