ఇంకో దూది ముక్క

రబ్బరు పట్టీని మోచేతికి పైన బిగించి, లోపలి మడతను రెండు వేళ్లతో తట్టి చూశాడు దోమ. నరం అందలేదు. వేళ్లు కాస్త పక్కకు జరిపి మళ్లీ తట్టాడు. చర్మం కింద ఏదో మెదిలినట్టే మెదిలి తప్పుకుంది.

వార్డుల్లో అందరూ అతన్ని దోమ అనే పిలుస్తారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని, పెట్టినవాళ్లు ఊరికే పెట్టలేదు. సన్నటి మనిషి, పొడుగు కాళ్లు. తెల్లారీ తెల్లారకముందే ట్రే పట్టుకుని చప్పుడు చేయకుండా మంచం పక్కన వాలతాడు, సూది గుచ్చి రక్తం తీసుకుని వెళ్లిపోతాడు. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్లు మండేది. తరవాత తరవాత, అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే వెనక్కి తిరిగి చూడడం కూడా మానేశాడు.

"ఏం నాయనా, ఇవాళ ఏ చెయ్యి?" అంది కిటికీ పక్క మంచం మీది పెద్దావిడ. బతుకంతా మిషను తొక్కి బట్టలు కుట్టిన మనిషి. వార్డంతటికీ టైలరమ్మ.

"ఎడమది దొరకట్లేదమ్మా. కుడిది చూస్తా."

"చూడు, చూడు. రెండూ బొత్తాం కాజాల్లాగే ఉన్నాయి, కన్నాలు తప్ప బట్ట మిగల్లేదు."

ఆమె చేతులు ముగ్గిన అరటితొక్కలా నల్లమచ్చలు పడి ఉన్నాయి. కుడిచేతి మడతలో ఒకసారి గుచ్చాడు. రాలేదు. మణికట్టు వెనక గుచ్చాడు. ఆమె పెదవి కొరుక్కుంది గాని చెయ్యి కదపలేదు. ఏ నరమూ చిక్కక చివరికి పాదం దగ్గర పట్టుకున్నాడు. గొట్టంలోకి రక్తం బద్ధకంగా, ఇష్టం లేనట్టు దిగింది.

దగ్గూ జ్వరంతో చేరిందామె. రోజూ పొద్దున్నే రక్తపరీక్ష చేయమని మొదటిరోజు ఒక డాక్టరు రాశాడు. ఆ రోజుకు అది సరైన మాటే. జ్వరం తగ్గింది, ఆ డాక్టరు వేరే వార్డుకు మారాడు, ఆయన రాసిన మాట మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆ ఆసుపత్రిలో ఒకసారి రాసినది ఎవరో కొట్టేసేదాకా నడుస్తూనే ఉంటుంది. రాయడానికి చెయ్యి చాలు, కొట్టెయ్యడానికి గుండె కావాలి. అందుకని ఎవరూ కొట్టెయ్యరు. పొద్దున్నే ఆమె పేరుతో చీటీ వస్తుంది, చీటీ వెనకాలే దోమ వస్తాడు.

అన్ని పరీక్షల్లో ఏదో ఒక అంకె కాస్త ఎక్కువో కాస్త తక్కువో ఉండకపోదు. దాన్ని చూసి, "ఇంకొక్కరోజు ఉంచి చూద్దాం" అంటారు. ఒకరోజు ఏదో పెరిగిందని, ఎందుకైనా మంచిదని బలమైన యాంటీబయాటిక్ సెలైన్లో ఎక్కించారు. దాంతో కడుపు చెడింది, నోరు చేదెక్కింది, రెండు ముద్దలు మింగడమే గగనమైంది. ఆ తరవాత రక్తం తగ్గిందన్నారు. ఎందుకు తగ్గిందో చూడడానికి ఇంకాస్త రక్తం తీయమన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

"ఇవాళైనా బాగుంటుందంటావా? ఇంటికి పంపిస్తారా?"

"పంపిస్తారమ్మా."

"నిన్నా ఇదే అన్నావు. మిషను మీద సగం కుట్టిన చొక్కా ఉంది నాయనా. ఒక చెయ్యి ఇంకా వెయ్యలేదు. మా చెల్లెలికి బొత్తాం కుట్టడం కూడా రాదు." మెల్లగా అంది. "రేపు రాకు. నీ మీద కోపం కాదు. ఒక్కరోజు చాలు."

"చీటీ వస్తే రావాలి కదమ్మా."

"రాకుండా చూడు."

"అది నా చేతుల్లో లేదు."

ఆ మాట అతనికి నోటికి అలవాటైపోయింది. ఏదో ఒకటి దొరికేదాకా చేద్దామని ఈ పనిలో చేరాడు. దొరకలేదు. వెతికాడా అంటే, వెతకనూ లేదు. మొదటిరోజు రక్తం చూసి కళ్లు తిరిగి పడ్డాడు. తరవాత కళ్లు తిరగడం మానేశాయి, జుట్టు నెరిసింది. చేరిన కొత్తలో ఒకసారి ధైర్యం చేసి, ఈ రోగికి రోజూ ఎందుకండీ అని అడిగాడు. "నీ పని సూది దాకా. ఆ పైన మాది" అన్నాడు అప్పటి డాక్టరు, అందరి ముందూ. ఆ రోజు మూసిన నోరు మళ్లీ తెరవలేదు. ఇంట్లోనూ అంతే. బస్సులో నిలబడితే పక్కవాళ్ల మోచేతుల్లో నరాలు చూస్తాడు, ఇంట్లో భార్య అన్నం వడ్డిస్తుంటే ఆమె చెయ్యి చూస్తాడు. "నా మొహం ఎలా ఉంటుందో గుర్తుందా మీకు?" అంటుంది ఆమె.

"ఇంకో దూది ముక్క ఇచ్చిపో" అంది టైలరమ్మ. రోజూ అడుగుతుంది. వార్డు గోలకు చెవుల్లో పెట్టుకుంటుంది కాబోలని అతను రోజూ ఇస్తాడు. ఇవాళ రెండిచ్చాడు.

మధ్యాహ్నం క్యాంటీన్లో చిన్న డాక్టరమ్మ ఒక్కతే కూర్చుని తింటోంది. ఆ వార్డు చూసేది ఆమే. దోమ ఆమె బల్ల దాటి వెళ్లాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు.

"మేడమ్, కిటికీ పక్కన పెద్దావిడకి... రేపు కూడా రక్తం తియ్యాలా?"

ఆమె తినడం ఆపింది. "అది ఇంకా నడుస్తోందా? పెద్ద డాక్టరుగారు కావాలన్నారేమో అనుకున్నానండీ."

అక్కడే ఆయనకు ఫోన్ చేసింది. ఆయన గొంతు బయటికే వినబడింది. "నేనెప్పుడడిగాను? నువ్వే చేయిస్తున్నావనుకున్నా. ఆపించెయ్. ఆ యాంటీబయాటిక్ కూడా. మనిషి బాగుంటే రేపు ఇంటికి పంపించు."

అంతే. ఇంత తేలికా అనిపించింది దోమకు. సంతోషం కలగాలి, సిగ్గేసింది. ఈ నాలుగు మాటలు అడగడానికి టైలరమ్మ రెండు చేతులూ అయిపోయి పాదం దాకా రావలసి వచ్చింది.

పని ముగిశాక, ట్రే లేకుండా మొదటిసారి ఆ మెట్లెక్కాడు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "రేపు రానమ్మా" అని లోలోపలే రెండుమూడుసార్లు అనుకున్నాడు.

కిటికీ పక్క మంచం మీద దుప్పటి లేదు. ఆయా తడిగుడ్డతో పరుపు తుడుస్తోంది.

"నిద్రలోనే పోయింది దోమన్నా" అంది నర్సు. "అన్నం తిందువుగాని లెమ్మని లేపితే లేవలేదు. ఇందాకే చెల్లెలు తీసుకెళ్లింది. ఉండు, నీకిమ్మని టైలరమ్మ పొద్దునే ఇది నా చేతికిచ్చింది."

గుప్పిట్లో పట్టేంత చిన్న గుండ్రటి దిండు. టైలర్లు పని చేసేటప్పుడు మణికట్టుకు కట్టుకుని, సూదులు గుచ్చుకునేది. పాత దిండుగలీబు మూల కత్తిరించి, దూది కూరి, కుట్టు కనబడకుండా కుట్టింది. కట్టుకోవడానికి పట్టీ కూడా పెట్టింది. ఒకచోట నొక్కి చూశాడు. లోపల దూది ముక్కలు ముక్కలుగానే తగిలాయి.

"సూదులు మనుషులకి కాదు, దీనికి గుచ్చుకోమను అని చెప్పింది. నవ్వుతూనే అందిలే" అంది నర్సు.

సాయంత్రం ఇంట్లో భార్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎంత బాగా కుట్టారు" అంటూ తన పైట అంచుకున్న సూది తీసి గుచ్చబోయింది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు. దీనికి గుచ్చకు."

"సూదుల దిండుకి సూది గుచ్చక ఏం చేసుకుంటారు?"

అతను ఆమె మొహంలోకి చూశాడు. పొద్దున్నే లేవడానికి గడియారంలో అలారం పెట్టి, కిటికీ గట్టు మీద ఉంచాడు. దాని పక్కనే ఆ దూది దిండు, ఎక్కడా ఒక్క కన్నం లేకుండా.