ఇనుము తగలని పొరియల్

“ఒక్క వెదురుకత్తితో, అంబికమ్మా, కెలవరపల్లి డ్యాము నీళ్లను నడిమికి కోసినాను. అటు సగం, ఇటు సగం గోడల్లే నిలబడిపోయినాయి. మధ్యలో నా గొర్రెలు గిట్టలు తడవకుండా అవతలికి పోయినాయి!”

“కోసిన నీళ్లను మళ్లా ఎవరు కుట్టినారు మామా?”

“కుట్టేదెందుకు? మంచి కత్తితో కోస్తే గాయం దానంతట అదే మానుతుంది.”

మామ రామకృష్ణప్ప మాటలకు మామూలుగా అయితే అంబిక కడుపు పట్టుకుని నవ్వేది. ఆ ఉదయం నవ్వే తీరిక లేదు. హోసూరులో ఒక ఫ్యాక్టరీ క్యాంటీనుకు రోజూ కూరలు పంపే పని ఆమెకు దొరికేదీ లేనిదీ ఆ పూటే తేలిపోతుంది. గులాబీలు కట్టలు కట్టే కోల్డ్‌రూములో వేళ్లు కొంకర్లు పోయేదాకా నిలబడే పని మానేసి, సొంత పొయ్యి ముందు నిలబడాలని ఆమె ఆశ. క్యాంటీను చూసుకునే అనంతకుమార్ పోయినసారి ఆమె చేసిన అరటిపువ్వు పొరియల్, అంటే కొబ్బరి వేసిన వేపుడు, తిని, “రుచికి పేరు పెట్టేదానికి లేదమ్మా. రంగు చూస్తేనే సిరాబుడ్డి గుర్తొస్తుంది. ఇంకొక్కసారి చూస్తాను, అంతే” అని చెప్పి పోయాడు.

తప్పు పువ్వుది కాదు, ఇనుప కత్తిపీటది. అరటిపువ్వు వగరుకు ఇనుము తగిలితే నలుపు దిగుతుంది. ఇంట్లో స్టీలు కత్తి ఉంది గానీ దానికి పదును నిలవదు. పువ్వు తెగకుండా నలుగుతుంది, నలిగినచోటల్లా కమిలిపోతుంది. అందుకే అంబిక హోసూరు బజారుకు పోయి తెల్లటి సెరామిక్ కత్తి కొనుక్కొచ్చింది.

ఏం కత్తి అది! మీగడ రంగు, చేతిలో ఉన్నట్టే తెలియనంత తేలిక. తుప్పు ఊసే లేదు. నిమ్మకాయ కోసినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఉల్లిపాయ కోసి కడిగితే వాసన కత్తిని పట్టుకుని వేలాడదు. గట్టి నరం తీసేసిన పువ్వురేకలను గుప్పెట్లో పట్టి కోస్తుంటే, సన్నగా, ఒక్కటీ నలగకుండా మజ్జిగ గిన్నెలో రాలుతున్నాయి.

“ఇది కత్తా, కొంగ ఈకా?” అని రామకృష్ణప్ప కూడా ముచ్చటపడ్డాడు.

సగం బుట్ట అయ్యాక అంబిక కరివేపాకుకు పెరట్లోకి పోయింది. కోడలికి సాయం చేద్దామని ముసలాయన కొబ్బరిచిప్ప అందుకుని, ఆ తెల్ల కత్తినే లోపలికి గుచ్చి, పలుగుతో రాయి లేపినట్టు మెలిపెట్టాడు.

టక్కుమంది.

అంబిక వచ్చేసరికి కత్తిలో సగం పిడికి ఉంది, సగం కొబ్బరిలో ఉంది. రెండు ముక్కలూ కలిపి చూసింది. అతుకు సరిగ్గా కుదిరింది, పెచ్చు ఊడలేదు. అయినా కంటికి కనపడని పెంకు ఉంటే ఎందుకొచ్చిన గొడవని ఆ కొబ్బరిచిప్పను దూరంగా పారేసింది.

“ఇనుమనుకొని మెలిపెట్టినానమ్మా. కత్తిది తప్పు లేదు.”

“కోసేదానికి చేసినదాన్ని గడ్డపార చేస్తే అది మాత్రం ఏం చేస్తుంది మామా? ఇంకా సగం బుట్ట ఉంది, వ్యాను వచ్చేస్తుంది.” అంతలోనే కోపం వచ్చింది. “డ్యాము కోసిన కత్తి యాడ? తీసుకురా పో!”

రామకృష్ణప్ప తలపాగా కిందకి వేలు పోనిచ్చి గోక్కుని, పకపకా నవ్వాడు. “ఆ ఏడు ఆ పక్క నీళ్లే లేవమ్మా. నెర్రెలిచ్చిన బురదమీద గొర్రెలు నడిచిపోయినాయి. నేను వెనకాల బీడీ తాగుతా పోయినాను. కత్తి మాత్రం నిజం. ఇప్పుడే చేసిస్తాను, ఉండు.”

కొట్టంలో ఆరిన ముదురు వెదురుబొంగు ఉంది. కొడవలితో నిలువునా చీల్చి, లోపలి మెత్తటి భాగం గీకేసి, పైపొట్టు వైపు అంచు నిలిపాడు. పదునంతా ఆ పైపొట్టులోనే ఉంటుంది. మరిగే నీళ్లలో ముంచి తీసి కోడలికి ఇచ్చాడు.

“పళ్లు కుట్టుకునేదానికి బాగుంటుంది” అంది అంబిక.

“కోసి చూసి తిట్టమ్మా.”

కోసి చూసింది. తెల్ల కత్తి అంత చురుకు లేదు. గుప్పెడు పట్టినచోట చిటికెడు పట్టాల్సివచ్చింది. కానీ పువ్వు నలగలేదు, నల్లబడలేదు. అంచు మొద్దుబారగానే రామకృష్ణప్ప దాన్ని మళ్లీ సన్నగా చీల్చేవాడు. సాన లేదు, రాయి లేదు, లోపలినుంచి కొత్త పదును బయటపడేది. ఇద్దరూ మాటలు మానేసి బుట్ట ఖాళీ చేశారు.

పొరియల్ దించుతుండగానే వ్యాను వచ్చింది. అనంతకుమార్ మూకుడులోకి వంగి చూశాడు. లేత బంగారు రంగు. పక్కన గిన్నెలో మిగిలిన పచ్చిరేకలమీద ఒక తేనెటీగ, ఇంకా చెట్టుమీదే ఉన్నాయనుకుని, వచ్చి వాలింది.

అతను తిన్నాడు. ఇంకాస్త పెట్టించుకుని తిన్నాడు. “ఏం పొడి కలిపినారమ్మా, ఈ రంగుకు?”

“ఏమీ లేదు సార్. మజ్జిగలో వేసినాను, ఇనుము తగలనీలేదు.”

వెదురుకత్తిని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. “అంతమందికి రోజూ దీంతో కోస్తారా?”

అసలు ప్రశ్న అదే. “లేదు సార్. రోజూ కోసేదానికి తెల్ల కత్తులు రెండు తెస్తాను. అవి విరిగితే ఇది ఉంటుంది. మా మామ చేతికి మాత్రం ఎప్పుడూ ఇదే.”

అనంతకుమార్ పెద్దగా నవ్వాడు. “సోమవారం నించి పంపించండి.”

“విన్నావా మామా?” అంది అంబిక. కోల్డ్‌రూముకు ఇక రానని చెప్పడానికి అప్పటికే ఫోను వెతుక్కుంటోంది.

ఇదంతా జరిగినట్టే చెప్పాను. ఆ తేనెటీగ ఒక్కటే నేను కల్పించినది. వాలింది ఈగ. అనంతకుమార్ చూసేలోపల అంబిక కొంగుతో దాన్ని తోలేసి గిన్నెమీద మూత పెట్టేసింది.