జోడీలో దెబ్బ తినేది

పెళ్లయ్యాక మా ఇంట్లో అన్నీ రెండేసి అయ్యాయి. రెండు తాళంచెవులు, రెండు టీ కప్పులు, సోఫా ముందు రెండు కంట్రోలర్లు. మా ఆయనది నల్లది, నాది పసుపు. రంగుల ఫ్యాక్టరీలో షేడ్లు కలపడం నా ఉద్యోగం కాబట్టి అది ఉత్త పసుపు కాదనీ, అందులో చిటికెడు నారింజ పడిందనీ నాకు చూడగానే తెలిసిపోయింది. నాకు చెప్పకుండా కొనుక్కొచ్చి దిండు కింద దాచాడు. పొద్దున్నే చేతికి తగిలింది. ఆ రోజంతా ఫ్యాక్టరీలో ఏ డబ్బా మూత తీసినా నాకు నవ్వే.

మేం కలిసిందే ఆన్‌లైన్లో ఆడే మృగాల ఆటలో. ఒక్కొక్కరూ మూడు మృగాల్ని తెచ్చుకుంటారు. జోడీ పోటీలో ఇద్దరివీ కలిపి ఆరు. ఒకసారికి నీదొకటి, నీ జోడీదొకటి బరిలో నిలబడతాయి. అవతల ఇంకో జంట. కాలేజీ హాస్టల్లో ఉన్నప్పటినుంచీ నేను ఒంటరిగానే ఆడేదాన్ని. పరీక్షలకి చదివినట్టు చదివి, నాలుగేళ్లు చచ్చీచెడీ సంపాదించిన పాయింట్లు నావి. పాయింట్ల పట్టికలో నా పేరు మా ఆయన పేరుకి కాస్త పైనే ఉండేది. "నీ ఆటలన్నీ చూశాకే నీకు మెసేజ్ పెట్టాను" అని తను చెప్పినప్పుడు నేను గాల్లో తేలిపోయాను. నా మొహం కంటే ముందు నా ఆట చూసి ఇష్టపడ్డవాడు ఎంతమందికి దొరుకుతాడు?

పగలు తను లిఫ్టులు బాగుచేస్తాడు. ఆటలో అందరూ తనని వడ్రంగి అంటారు. మేకు కొట్టకుండా చెక్కలు బిగించినట్టు జట్టు కడతాడని ఆ పేరు.

"ఆరు బలమైనవి తెస్తే జట్టవదు పిల్లా" అనేవాడు. "ఒకదాని లోటు ఇంకోటి పూడ్చాలి. నిప్పుదాన్ని నీళ్లది ఆర్పేస్తుంది. అందుకని దాని వెనకాల నీళ్లు తాగేసే గడ్డిది ఉండాలి."

"మాకూ అంతే. ఎరుపు మరీ అరిస్తే ఒక చుక్క పచ్చ వేస్తాం, నోరు మూసుకుంటుంది."

"చూశావా, నీకు పుట్టుకతోనే వచ్చేసింది" అని నా ముక్కు పట్టుకుని ఊపేవాడు.

మా జోడీకి తను కట్టిన కాంబో ఇది. నా దగ్గర మొద్దు అనే మృగం ఉంది. చూడ్డానికి చెక్క దుంగ, కళ్లు మాత్రం లేగదూడవి. దాని గుణం ఏంటంటే, గట్టి దెబ్బ తిని బతికితే బలం రెట్టింపవుతుంది. తన దగ్గర గండశిల ఉంది. దాని కంపం అనే మూవ్ నేలమీద ఉన్న అందరినీ కొడుతుంది, పక్కన నిలబడ్డ జోడీతో సహా. కాబట్టి ముందు తను కంపం వేస్తాడు. అవతలి రెండూ సగం చస్తాయి, నా మొద్దూ సగం చస్తుంది. కానీ దానికి పూనకం వస్తుంది. ఆ ఊపులో అది అవతలివాళ్లని చితక్కొడుతుంది.

"అంటే నన్నే కొడతావన్నమాట!"

"ప్రేమగా కొడతాను."

"కొట్టేముందు చెప్పాలి మరి."

"మోకాలిమీద తడతాను. సరేనా మేడమ్?"

నిజంగానే తట్టేవాడు. సోఫాలో పక్కపక్కన కూర్చుని, ప్రతి కంపానికీ ముందు నా మోకాలిమీద రెండు చిన్న దెబ్బలు. ఆ తట్టుడు కోసమే నేను ఆటకి కూర్చునేదాన్నేమో. మా ఇద్దరికీ మాత్రమే తెలిసిన భాష అనిపించేది. మేం గెలిచాం. మళ్లీ గెలిచాం. గెలుస్తూనే ఉన్నాం.

ఆ ఏడాది లీగ్‌లో బహుమతి డబ్బు కాదు, ఉద్యోగం. ఫైనల్ గెలిచిన జోడీలో ఎవరి సొంత పాయింట్లు ఎక్కువుంటే వాళ్లని ఆ గేమ్ కంపెనీ ఏడాదిపాటు తమ జట్టులోకి తీసుకుంటుంది. ఒక్కరినే. కాలేజీ రోజులనుంచీ నేను ఆ జట్టులో కుర్చీకోసమే ఆడాను. మా ఇద్దరిలో ఎవరికొచ్చినా ఒకటే కదా అని తను అంటే, ఒకటే అన్నాను. అన్నాక టీ తాగుతూ ఎందుకో పట్టిక తెరిచి చూశాను. నా పేరు, దాని కిందనే తన పేరు. మధ్యలో ఉన్న దూరం నా మృగం ఇంకొక్కటి పడితే చెరిగిపోయేంత. మృగం పడితే ఎవరిది పడిందో వాళ్ల పాయింట్లే పోతాయి. అవతలిదాన్ని ఎవరు పడగొడితే వాళ్లకే వస్తాయి. కంపంతో సగం చచ్చిన మొద్దు ఎప్పుడూ తర్వాతి దెబ్బకే పడిపోతుంది. అవతల సగం చచ్చినవాటిని చివర్లో ఎప్పుడూ గండశిలే పడగొడుతుంది.

ఆటన్నాక అలాగే ఉంటుందిలే అనుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున మా ఆడపడుచు వచ్చింది. మా ఆయనకి అక్క, నాకు వదిన. కళ్లద్దాల షాపులో పని. నాకంటే ముందు మా ఆయనకి జోడీగా ఆడింది వదినే. మా ఇంటికి ఎప్పుడొచ్చినా టీవీకి వీపు పెట్టి కూర్చుంటుంది. వెలుగు కళ్లలో పడుతుందంటుంది.

"ఏం మరదలా, వాడు ఇంట్లో పనేమైనా చేస్తాడా, లేక వేళ్లకి మాత్రమేనా ఎక్సర్‌సైజు?"

"గిన్నెలు తోముతారు వదినా." వదిన ముందు తనని మీరు అంటాను, మా గదిలో నువ్వు.

"అబ్బో! మా ఇంట్లో ఉన్నప్పుడు తిన్న ప్లేటు తనే తీశాడంటే, మేం కిటికీలోంచి వాన పడుతోందేమో చూసేవాళ్లం."

"అక్కా, ఆమెని చెడగొట్టకు" అని నవ్వుతూ తను ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్లాడు. ఎక్కడో లిఫ్టు ఇరుక్కుందట.

వదిన యాపిల్ తొక్క తీస్తోంది. తెగకుండా ఒకే రిబ్బనులా వస్తోంది. ఎంత బాగా తీస్తుందో అని మురిసిపోతూ చూస్తున్నాను.

"నీ పాయింట్లు ఎలా ఉన్నాయి?" అంది తల ఎత్తకుండా.

"కాస్త తగ్గాయి వదినా."

"వాడివి?"

"పెరిగాయి."

కత్తి ఆగలేదు. "కొట్టేముందు చెప్తాడా?"

నాకు సిగ్గు ముంచుకొచ్చింది. "మోకాలిమీద తడతారు."

"నాకు భుజంమీద తట్టేవాడు" అంది వదిన. "మొదట్లో."

వరండాలో తన గొంతు మెత్తగా వినిపిస్తోంది. భయపడకండి, తలుపు దగ్గర నిలబడకండి, మనిషిని పంపిస్తున్నాను అని ఎవరికో ధైర్యం చెప్తున్నాడు.

"మీరెందుకు మానేశారు వదినా?"

"నేనెక్కడ మానేశానే? పాయింట్లు మొత్తం అయిపోతే పట్టికలోంచి పేరు తీసేస్తారు. నాది తీసేసిన రోజే వాడు పై లీగ్‌కి ఎక్కాడు. నాకోసం కేక్ తెచ్చాడు."

"అదేంటి, మీరు గెలుస్తూనే ఉన్నారని ఆయన చెప్పారే!"

"గెలిచాం కదా. మేమిద్దరం ఒక్క ఆట కూడా ఓడలేదు." యాపిల్‌ని ముక్కలు చేసి నా వైపు తోసింది. "వాడు చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే తడిగుడ్డ వేసుకుంటూ పక్కనే కూర్చునేవాడు. కానీ జట్టు కట్టేటప్పుడు వాడికి మనుషులు కనిపించరు. ఏది ఎక్కడ పెడితే బిగుస్తుందో అదే కనిపిస్తుంది. తిను, నల్లబడిపోతుంది."

తను లోపలికొచ్చి నా ప్లేటులోంచి ఒక ముక్క లాక్కుని నోట్లో వేసుకున్నాడు. వదిన కళ్లద్దాలు తుడుచుకుంటోంది. నేనూ తిన్నాను. తియ్యగానే ఉంది.

సెమీఫైనల్ ఆ మధ్యాహ్నమే, ఒక మాల్ పై అంతస్తులో. వేదికమీద రెండు బల్లలు, వెనక పెద్ద తెర, ఏసీ చలికి నా వేళ్లు కర్రల్లా అయిపోయాయి. తను నా చేతుల్ని తన అరచేతుల మధ్య పెట్టి రుద్దాడు. ముందువరసలో ఎవరో "అబ్బబ్బా, కొత్త జంట!" అని ఈలేశారు. నాకు నవ్వాగలేదు.

ఆట మొదలయ్యాక మొదటి కంపానికి మోకాలిమీద తట్టుడు రాలేదు. చెవులకి హెడ్‌ఫోన్లు, చుట్టూ గోల, మర్చిపోయాడనుకున్నాను. మొద్దుకి పూనకం వచ్చింది. అవతలివాళ్ల మృగాలు ఒక్కొక్కటే పడ్డాయి, ఈసారి ఎక్కువ నా మొద్దు చేతిలోనే. చివరికి వాళ్లకి రెండు మిగిలాయి, రెండూ కొనప్రాణంతో. మా వైపు దెబ్బే తినని గండశిల, ఒక్క పిసరు ప్రాణంతో నా మొద్దు. ఇద్దరం చెరొకదాన్నీ కొడితే చాలు, అయిపోతుంది. చిన్నపిల్లలైనా అదే చేస్తారు.

నేను తన చేతివైపు చూశాను. బొటనవేలు కంపంమీదికి వెళ్లింది. తడబాటేం లేదు. ఇల్లు తాళం వేసినంత మామూలుగా వెళ్లింది. మోకాలు ఎదురుచూస్తోంది. ఏమీ తగల్లేదు.

మొద్దుకి నాలుగో మూవ్ ఒకటుంది. ముడుచుకో అంటారు. ఆ ఒక్కసారికి దానికి ఏ దెబ్బా తగలదు. మా ప్రాక్టీసులో దాన్ని ఎప్పుడూ వాడలేదు. నొక్కేశాను.

తెర ఊగింది. అవతలి రెండూ కూలిపోయాయి. దుమ్ము తగ్గాక మొద్దు గుండ్రంగా చుట్టుకుని, ఒక కన్ను తెరిచి చూస్తోంది. హాలు హాలంతా చప్పట్లు.

ఓడిపోయిన జంట చెయ్యి కలపడానికి వచ్చారు. "భలే కాంబో అన్నా! ముందే అనుకున్నారా?"

"ప్రాక్టీసు" అని తను నా భుజం చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. పెద్ద తెరమీద కొత్త పట్టిక వచ్చింది. నా పేరు ఇంకా తన పేరుకి పైనే ఉంది. తను దాన్ని చాలాసేపు చూశాడు.

ఇంటికొచ్చాక టీ తనే పెట్టాడు. ఫైనల్‌కి జట్టుని ఆ సాయంత్రం ఆరింటిలోపల ఖాయం చెయ్యాలి. తన ఫోన్ తెరమీద ఇద్దరూ చెరొక వేలు పెడితేనే ఖాయమవుతుంది.

"మొద్దుకి ఆ ముడుచుకో తీసేద్దాం" అన్నాడు కప్పు అందిస్తూ. "నాలుగు మూవ్‌లకే చోటుంది, దానికొకటి వేస్ట్ పిల్లా."

"నన్ను కొట్టకుండా గెలిచే జట్టు కట్టలేవా?"

"కట్టొచ్చు. కానీ అంత బలంగా ఉండదు."

"ఎవరికి?"

తను నవ్వి నా జుట్టు చెవివెనక్కి సర్దాడు.

నేను మొద్దుని పక్కన పెట్టేశాను. కాలేజీలో పెంచుకున్న మూడు ఎగిరే మృగాల్ని తీసి నా గళ్లలో పెట్టాను. కంపం నేలమీద ఉన్నవాటినే కొడుతుంది. గాల్లో ఉన్నవాటికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పైగా రెండూ చక్కగా కలుస్తాయి, ఏ గేమ్ గైడ్ చూసినా గండశిల పక్కన ఎగిరేదే ఉంటుంది. "ఇదిగో, ఇప్పుడు నువ్వెంత కావాలంటే అంత ఊపుకో" అన్నాను. నా గొంతు నాకే హుషారుగా వినిపించింది. తను మెచ్చుకుంటాడని ఆశ ఇంకా ఉంది మరి.

"అబ్బ, తెలివే!" అన్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు. కళ్లు మెరిశాయి. సన్నగా ఈలవేస్తూ తన గళ్లలోకి వెళ్లి గండశిలని తీసేశాడు. దాని చోట్లో ఒక నల్లమబ్బు మృగాన్ని పెట్టాడు. దాని పిడుగుల మూవ్ కూడా బరిలో ఉన్న అందర్నీ కొడుతుంది. ఎగిరేవాటికి రెండింతలు తగులుతుంది. నాకు తెలుసని తనకి తెలుసు. అయినా దాచలేదు, తొందరపడలేదు.

"ఇప్పుడు సరిగ్గా బిగిసింది" అన్నాడు. "వేలు పెట్టు బంగారం."

తన వేలు అప్పటికే తెరమీద ఉంది. నేను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"నేను పెట్టను."

"ఫైనల్ పోతుంది. నీకూ పోతుంది."

"పోనీ."

తను నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు, ఎప్పటిలాగే మెత్తగా. తెరవైపు లాగాడు. నేను వెనక్కి లాక్కున్నాను. అలా లాక్కోవడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. గోడగడియారం ముల్లు చప్పుడు ఆ ఇంట్లో ఎప్పుడూ అంత పెద్దగా వినలేదు. ఆరు దాటింది. జట్టు నమోదు కాలేదని తెర చెప్పింది.

అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. తను చల్లారిన నా టీ తీసుకెళ్లి వేడిచేసి తెచ్చాడు. నా పక్కనే, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నాడు.

"ఫర్వాలేదు, ఇంకో సీజన్ ఉందిగా. తప్పు నాదే. నిన్ను సరిగ్గా చూసుకోలేదు" అన్నాడు. సోఫామీదున్న నా ఫోన్ తీసి నా ఖాతా తెరిచాడు. నేను ఇన్నేళ్లుగా పెంచిన మృగాలన్నీ వరసగా వచ్చాయి. ఒక్కోదానిమీదా వేలు ఆనించి, అది దేనికి భయపడుతుందో పెదవులు కదుపుతూ చదువుకుంటున్నాడు. ఒకటి అయ్యాక ఇంకోటి, ఓపిగ్గా.

"నా ఫోన్ ఇటివ్వు" అన్నాను.

"ఒక్క నిమిషం పిల్లా."

నేను చెయ్యి చాచాను. తను తల ఎత్తలేదు. చాచిన చెయ్యి నేనూ దించలేదు.