హద్రూత్ పేరు మీద ఒక గ్లాసు

"ద్రాక్షాకులో చుట్టేది చిటికెనవేలంతే ఉండాలమ్మా, మీ కొండల్లోలాగా బొటనవేలంత కాదు!" అంది అత్తయ్య. అప్పటికి నూట ఇరవై చుట్టాను, నడుం పట్టేసింది. ముందుగదిలో నా భర్త సూరెన్, వాళ్ల హ్రాంత్ బాబాయ్, ఇంకో ఆరుగురు మగవాళ్లు భోజనాల బల్ల మీదే యుద్ధం నడిపేస్తున్నారు. ఉప్పు డబ్బా అజర్‌బైజాన్, వెన్న గిన్నె టర్కీ, ఊరగాయ సీసా రష్యా, మధ్యలో ఒక ఆలివ్ గింజ మనం.

"రష్యావాడు నట్టేట ముంచాడ్రా!"

"ముంచక? మనవాళ్లకి ఈతొచ్చా?"

పెద్ద నవ్వు. నేను ఖాళీ పళ్లెం తీస్తుంటే ఉప్పు డబ్బా కాస్త జరిగింది. "అమ్మా వార్సెనిక్, సరిహద్దు మార్చేశావ్!" అని అరిచాడు బాబాయ్. మళ్లీ నవ్వు.

ఆ ఇంట్లో, ఆ యుద్ధం జరిగిన కొండల్లో పుట్టింది నేనొక్కదాన్నే! బాంబులు పడుతుంటే నానమ్మ తల ఒళ్లో పెట్టుకుని ట్రక్కులో మా ఊరు హద్రూత్ దాటొచ్చింది నేను. యెరెవాన్‌లో సూరెన్‌ని పెళ్లి చేసుకుని మూడేళ్లయింది, మా ఊళ్లో ఏం జరిగిందని ఒక్కళ్లూ అడగలేదు. నేను నోరు తెరిస్తే చాలు, "ఆ యాస చుట్టాల ముందొద్దు జాన్, నవ్వుతారు" అంటాడు సూరెన్. జాన్ అంటే మా భాషలో ప్రాణం; ప్రేమగానే అంటాడు, అందుకే ఇంకా ఒళ్లు మండుతుంది.

ఇంతలో బాబాయ్ లేచి నిలబడ్డాడు. ఆ రోజు విందుకి పెద్ద అతనే, అతను పిలిస్తేనే ఎవరైనా గ్లాసెత్తి మాట్లాడాలి. "ఇప్పుడు హద్రూత్ కోసం" అన్నాడు. అందరూ లేచారు. "తాకించకండి" అన్నాడు గొంతు తగ్గించి. పోయినవాళ్ల పేరు మీద తాగేటప్పుడే మేము గ్లాసులు తాకించం.

అంటే మా ఊరికి కర్మకాండ చేసేస్తున్నారు! శనివారం శనివారం మా ఊరి ఆడవాళ్లం ఒక సెల్లార్‌లో చేరి ఇరవై రకాల ఆకులు తరిగి రొట్టెల్లో కూరుతూ, మా యాసలోనే జుట్లూ జుట్లూ పట్టుకుంటాం. పోయినవాళ్లు పోట్లాడుకుంటారా?

మల్బరీ సారా ఒక గ్లాసులో పోసుకుని బల్ల దగ్గరికెళ్లాను.

"వార్సెనిక్, బాబాయ్ నిన్ను పిలవలేదు" అని గొణిగాడు సూరెన్.

"పిలవకుంటేంది?" అన్నాను, మా యాసలోనే. "బాబాయ్, ఊరు వేరేటోళ్ల చేతిల ఉంది, సావలే. మేం బతికే ఉన్నం గద! మా ఊరు సచ్చిందని చెప్పనీకె మీరెవరు?"

 ఈసారి ఎవరూ నవ్వలేదు. నా గ్లాసుతో బాబాయ్ గ్లాసుని టంగుమనిపించాను. అతని సారా కాస్త ఒలికింది. సూరెన్ చెయ్యి చాపాడు, గ్లాసు తాకించడానికో, నన్ను ఆపడానికో తెలీలేదు. నేనేమీ ఆగి చూడలేదు. ఒక కుర్చీ లాక్కుని వాళ్ల మధ్యలో కూర్చుని, మా వీధి మొదటి ఇంటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.